నన్ను అడగని సూది

నా కింది పెదవి లోపల శనగగింజంత గడ్డ లేచింది. కోయించుకుందామని మా మరిదిని తోడు తీసుకుని ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు పోయాను. కుర్చీలో కూర్చున్నది నేను. డాక్టరు మాత్రం మరిదిని అడిగాడు, ఈమెకు మత్తు సూది ఎప్పుడైనా పడకుండా పోయిందా అని.

"అట్లాంటిదేం లేదు సార్, వేసేయండి" అన్నాడు మరిది. వాడికేం తెలుసు? తెలిసిన మనిషి మా ఆయన. ఆయన పోయి రెండేళ్లయింది.

సూది పెదవి దాకా వచ్చింది. నేను డాక్టరు చెయ్యి పట్టుకున్నాను.

"ఆళ్లగడ్డలో పన్ను పీకేటప్పుడు ఇట్లాంటి సూదే వేసిరి. ఒళ్లంతా దద్దుర్లు లేచి, ఊపిరాడక సచ్చి బతికినా."

ఆయన సూది పక్కన పెట్టేశాడు. "ముందే చెప్పల్ల గదమ్మా."

"నన్నడిగితివా?"

అప్పుడు పడని ఆ మందు పేరు తెలిసి, పరీక్ష చేయించేదాకా కోయనన్నాడు. తిరుగు బస్సులో మరిది గొణిగాడు.

"ఒక దినం పాడు జేస్తివి గదా వదినా."

"నీకు దినం పాయె. నాకు పానమే పోతాండె."

మరునాడు ఒక్కదాన్నే అప్పుడు పన్ను పీకిన డాక్టరు దగ్గరికి పోయి ఆ మందు పేరు రాయించుకున్నాను. చదవడం రాదు కాబట్టి నోటికి వచ్చేదాకా చెప్పించుకున్నాను. గడ్డ ఇంకా అట్లాగే ఉంది.