నిర్మలక్క చెప్పని పేరు

ఆడి మాసపు గాలి, అంటే ఆషాఢం గాలి, మొదలైతే మా ఊళ్ళో కిటికీలు మూసినా లాభం ఉండదు. మూతబడిన బంగారు గనుల పక్కన, బంగారం తీశాక మిగిలిన మట్టి కొండల్లా పేరుకుపోయిన సైనైడ్ దిబ్బల మీంచి బూడిదరంగు దుమ్ము లేచి గిన్నెల మీదా, దుప్పట్ల మీదా సన్నగా పరుచుకుంటుంది. ఈ ఉదయం పనికి కూర్చుని లాప్‌టాప్ తెరవగానే వేళ్ళకింద ఆ గరుకు తగిలింది. కాసేపటికి పళ్ళ మధ్య కూడా. అది తగిలినప్పుడల్లా నాకు మా ఊళ్ళోనే కోరమండల్ అనే పేటలో గని కార్మికులకు కట్టిన పాత ఇళ్ళ వరస, ఆ వరసలో ఒక ముందుగది, అందులో ఎప్పుడూ నిద్ర చాలని కళ్ళతో కూర్చుని ఉండే నిర్మలక్క గుర్తొస్తుంది.

కొన్నేళ్ళ క్రితం నేను బెంగళూరు దారిలో ఉన్న నరసాపురంలో ఒక ఫ్యాక్టరీలో కాంట్రాక్టు మీద పనిచేసేదాన్ని. షిఫ్టంతా నిలబడే పని. కంపెనీ బస్సెక్కితే సీటు దొరికినా దొరకకపోయినా నిద్ర వచ్చేది. మా కాంట్రాక్టు ఇక పొడిగించరన్న మాట లైన్‌లో పాకినప్పుడు, ఇంట్లో నా జీతం మీదే అమ్మా, కాలేజీ చదివే చెల్లెలూ ఆధారపడి ఉన్నారు. ఫోన్‌లో ఎవరో డెవాప్స్ నేర్చుకుంటే ఇంటి నుంచే ఉద్యోగం అని చెప్పే వీడియో చూశాను. డెవాప్స్ అంటే ఏమిటో తెలియదు. తెలియకుండానే పాత లాప్‌టాప్ ఒకటి సంపాదించి, ఉచితంగా దొరికే పాఠాలు పెట్టుకుని, నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు కొట్టడం మొదలుపెట్టాను. చెప్పే ఆయన ఇంగ్లీషు ఎక్స్‌ప్రెస్ బండిలా పోయేది. ఆయన కొట్టినట్టే కొట్టినా ఆయనకు పనిచేసేది, నాకు చేసేది కాదు. వారం తిరిగేసరికి ఆ తెర తెరవకుండా ఉండటానికి సాకులు వెతుక్కునేదాన్ని.

ఆ పని చేసే మనిషి మా ఎరికలో ఒక్కతే ఉందని అమ్మ చెప్పింది. నిర్మలక్క వాళ్ళ నాయన మునిరత్నం తాత, మా తాత ఒకే గనిలో దిగినవాళ్ళు. రెండు కుటుంబాలూ చిత్తూరు వైపు పల్లెల నుంచి బంగారు గనుల్లో పనికి వచ్చినవే. నిర్మలక్క ఏళ్ళ తరబడి తెల్లవారుజాము రైల్లో బెంగళూరు వెళ్ళి వచ్చి, కరోనా తరువాత ఇంట్లోనే కూర్చుని, మందుల షాపులకు సరుకు పంపే ఒక కంపెనీ సర్వర్లు చూసుకునేది. పెళ్ళి చేసుకోలేదు. నాయన ఊపిరితిత్తులు గని దుమ్ముతో పాడైతే, ముందుగదిలోనే ఆయన మంచం, మంచం పక్కన ఆక్సిజన్ మిషన్, దాని పక్కన తన బల్ల వేసుకుంది.

మొదటిసారి వెళ్ళినప్పుడు నా లాప్‌టాప్ ఆమె ముందుకు జరిపాను. ఆమె తిరిగి నా వైపే జరిపింది.

"అక్కా, వీడియోలో ఆయన కొట్టినట్టే కొట్టినాను. ఆయనకు వచ్చింది, నాకు రాలే."

"ఆయన తప్పులన్నీ కోసేసి వీడియో పెట్టినాడమ్మా. నువ్వు చూసేది సినిమా. నీ ముందర ఏముండాదో అది చదువు."

"ఎర్రగా ఏందో వచ్చిందక్కా."

"ఏందో కాదు. గట్టిగా చదువు."

చదివాను. నేను చెప్పిన ఫైలు నేను చెప్పిన చోట లేదని ఉంది. అంతే ఉంది. "చూస్తివా, అది నిన్ను తిట్టలే. యాడ లేదో చెప్తా ఉండాది," అంది నిర్మలక్క. కళ్ళు నులుముకుంటూ తన పనిలోకి తిరిగింది.

ఆమె అంతకంటే ఎక్కువ చెప్పిన రోజులు తక్కువ. డెవాప్స్ అంటే ఏమిటని ఒకసారి అడిగితే, "ప్రోగ్రాం రాసేవాళ్ళు ఒక పక్క, దాన్ని నడిపేవాళ్ళు ఇంగో పక్క. అది నిలిచిపోతే నీది తప్పంటే నీది తప్పని కొట్లాట. ఇద్దరిదీ ఒకే పని అని ఒప్పించడానికి పెట్టిన పేరు అది," అంది. మంచం మీంచి మునిరత్నం తాత ముక్కుకున్న గొట్టం సర్దుకుంటూ, "మా గనిలో అయితే పోయే షిఫ్టు వాళ్ళు పైకప్పు యాడ వదులుగా ఉండాదో వచ్చేవాళ్ళకి చెప్పిపోవాల. చెప్పకుంటే చచ్చేది వాళ్ళే కదప్పా," అన్నాడు. ఆ రెండు మాటలకే ఆయనకు ఎంతోసేపు ఆయాసం పట్టింది.

కొన్ని నెలలు అలా నడిచింది. షిఫ్టు, బస్సు, అక్క ఇల్లు, పాఠాలు. నేర్చుకున్నది మర్నాటికి సగం మిగిలేది కాదు. ఒక సాయంత్రం అక్క ఇంటికి వెళ్ళి గడపలోనే కూలబడ్డాను.

"బేజారైపోయిందక్కా. నా చేత కాదు. మానేస్తా."

ఆమె నన్ను ఓదారుస్తుందనీ, నీలో తెలివి ఉందనో ఇంకేదో అంటుందనీ అనుకున్నాను.

"సరే, మానేయ్," అంది. "ఈ పొద్దుకి మానేయ్. ఇంటికి పోయి అన్నం తిని పండుకో. రేపు కూడా మానేయాలంటే రేపు మానేద్దువు."

నవ్వు వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఇంటికి వెళ్ళి పడుకున్నాను. మర్నాడు మానేయాలన్నంత బలంగా అనిపించలేదు. రోజూ ఉత్సాహం ఉండాలని అంతవరకూ నమ్మేదాన్ని. ఆమెను చూశాక, అలసిపోయిన మనిషి కూడా పని చేయగలడని, కాకపోతే నెమ్మదిగా చేస్తాడని తెలిసింది.

ఒక ఆదివారం మధ్యాహ్నం నేను ఆమె పక్కనే కూర్చుని ఏదో అభ్యాసం చేసుకుంటున్నాను. అక్క ఫోన్ ఆగకుండా మోగింది. వాళ్ళ కంపెనీలో ఆర్డర్లన్నీ నిలిచిపోయాయి. ఊరూరా మందుల షాపులవాళ్ళు ఫోన్లు చేస్తున్నారు. అక్క కాల్‌లో చేరింది. అటువైపు కంపెనీ పెద్దవాళ్ళు చాలామంది, అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. ఆమె వాళ్ళకు బదులివ్వకుండా తెర మీద ఉన్నది ఒక్కొక్క వరసే చదువుతూ పోయింది. మధ్యలో కరెంటు పోయింది. లాప్‌టాప్‌కు బ్యాటరీ ఉంది గానీ తాత మిషన్ ఇన్వర్టర్ మీదికి మారలేదు. నేను పరుగెత్తి పక్కనున్న సిలిండర్‌కి గొట్టం మార్చాను, అక్క ఎప్పుడో నేర్పింది కాబట్టి. ఆమె ఒక్కసారి తల తిప్పి నాయన ఛాతీ కదలడం చూసి మళ్ళీ తెర వైపు తిరిగింది. ఆర్డర్ల లెక్కలన్నీ ఉండే డేటాబేస్ చెరిగిపోయింది, దానికి ముందురోజు తీసి పెట్టిన కాపీ దొరికింది. దాన్ని వెనక్కి ఎక్కించింది. ఆర్డర్లు కదిలాయి.

అప్పుడు ఎవరో పెద్దాయన గొంతు అడిగింది, ఇది చెరిపింది ఎవరని.

అక్కకు తెలుసు. కొత్తగా చేరిన కుర్రాడొకడు ఆమెకు ముందే విడిగా ఫోన్ చేసి ఏడ్చాడు, నేను విన్నాను. ఆమె తొణక్కుండా అంది: "సార్, టెస్టింగ్ డేటాబేస్ అనుకుని అసలుది చెరిపేసినారు. రెండిటికీ పేర్లు ఒకే మాదిరి పెట్టినాము, అడ్డుకునేది ఏదీ పెట్టలేదు. రేపటికల్లా అది సరిచేస్తాను."

"నేను పేరు అడిగాను."

"నా టీమ్‌లో జరిగింది సార్. నా పేరు రాసుకోండి."

కాల్ అయిపోయాక ఆమె లాప్‌టాప్ మూసింది. లేచి వెళ్ళి నాయన కాళ్ళ దగ్గర కూర్చుంది.

"వాడే కదక్కా చేసింది. ఎందుకు చెప్పలే?"

"ఈ పొద్దు వాడి పేరు చెప్తే రేపట్నుంచి ఎవరూ నాకు నిజం చెప్పరు లలితా. అప్పుడు కింద ఏం విరిగిందో నాకు యాడ తెలుస్తాది?" అని నాయన దుప్పటి సర్ది, "నాకు నిద్ర వస్తా ఉండాదమ్మా. ఇంగ పో," అంది.

తరువాత కొద్దికాలానికి కంపెనీ కొందరిని తీసేసింది. తీసేసినవాళ్ళలో నిర్మలక్క ఉంది. ఆ ఆదివారానికీ దానికీ సంబంధం ఉందో లేదో ఎవరూ చెప్పలేదు, ఆమె అడగనూ లేదు. ఆ చలికాలంలోనే మునిరత్నం తాత పోయాడు. మిషన్ ఆగిపోయిన ఆ గదిలో కూర్చునే ఆమె నన్ను ఇంటర్వ్యూలకు సిద్ధం చేసింది. నరసాపురం పని అప్పటికే పోయింది. చాలాచోట్ల కాదన్నాక ఒక చిన్న కంపెనీ తీసుకుంది. చెప్పడానికి పరుగున వెళ్తే, "మంచిదమ్మా," అని తల నిమిరి, "ఫోన్ పక్కన పెట్టుకుని నిద్రపోవడం అలవాటు చేసుకోవద్దు. నాకు ఇంకా పోలే ఆ అలవాటు," అంది.

ఇప్పుడు ఆమె ముళబాగిలు దగ్గర వాళ్ళ పెద్దక్క ఇంట్లో ఉంటుంది. పట్టుపురుగులు పెంచుతున్నారు. బెంగళూరు నుంచి ఒకటి రెండు పిలుపులు వచ్చినా పోలేదు. మొన్న వెళ్ళినప్పుడు మల్బరీ ఆకు తరుగుతూ కనబడింది. చిక్కింది. కళ్ళకింద నలుపు మాత్రం తగ్గింది. మళ్ళీ ఉద్యోగంలో చేరవా అక్కా అంటే, "చాలమ్మా," అని ఒక్క మాటతో సరిపెట్టింది.

పోయిన నెల మా టీమ్‌లో ఒక కొత్త అమ్మాయి చేసిన పొరపాటుకి సర్వర్ ఒకటి నిలిచిపోయింది. సరిచేశాక, అది చేసింది ఎవరో పేరు చెప్పమని మేనేజర్ అడిగాడు. నిర్మలక్క గొంతు అంత స్థిరంగా ఉండటానికి ఎంత బలం కావాలో నాకు ఆ క్షణంలోనే అర్థమైంది. మా అమ్మ, చెల్లెలి ఫీజు, ఇంటి అద్దె అన్నీ కళ్ళముందు తిరిగాయి. అయినా ఏం జరిగిందో చెప్పాను, పేరు చెప్పలేదు. దానికి నేనేం చెల్లించుకోవాలో ఇంకా తెలియదు. కానీ ఆ అమ్మాయి నిన్న తనంతట తానే ఫోన్ చేసి, "అక్కా, ఇంకొకటి తప్పుగా చేసినట్టుండాది, ఒకసారి చూస్తారా?" అంది.