ఖాళీ పరుపు మీద ఊపిరి

మా అమ్మ మీద ఒట్టు... ఇందులో ఒక్క ముక్క కూడా కల్పించలేదు. నవ్వేవాళ్లు నవ్వుకోండి. ఆ రాత్రి ఆ గదిలో ఉన్నది నేను.

సూరత్‌లో భేస్తాన్ దగ్గర మా గది. సాంచాలు, అంటే మరమగ్గాలు నడిపే పని. నాదీ మా ఊరి శ్రీనుదీ ఒకే పరుపు. నేను పగలు పనికి వెళితే అతను పడుకునేవాడు, అతను రాత్రి వెళితే నేను.

శ్రీను నడుం నొప్పికి గోలీలు మింగేవాడు. ఒకరోజు వాటినే నూరి, నీళ్లలో కలిపి, సూదితో నరానికి ఎక్కించుకుంటుండగా చూశాను. మా ఊరివాళ్లకు సూది పడితేనే రోగం తగ్గుతుందని నమ్మకం.

"మింగినా, సూదేసినా మందు ఒక్కటే గదరా. ఎవ్వలకు చెప్పకు," అన్నాడు.

సరేనన్నాను. నా బుద్ధి గడ్డి తిన్నది.

కొన్ని నెలలకు అతనికి మెట్లెక్కితే ఆయాసం. పెదవులు నీలం. ఆస్పత్రిలో చేర్చాను. ఎక్స్‌రేలో ఊపిరితిత్తుల నిండా సన్న చుక్కలు... రవ్వ చల్లినట్లు. టీబీ కావచ్చన్నారు. సూదులేమైనా వేసుకుంటాడా అని డాక్టర్ నన్ను అడిగాడు. మాటిచ్చాను కదా... లేదన్నాను.

రెండో రాత్రి అతని బట్టల కోసం గదికొచ్చి, పరుపు అంచున కాసేపు వాలాను. కరెంటు పోయింది. చుట్టుపక్కల సాంచాలన్నీ ఒక్కసారిగా ఆగాయి. రాత్రింబవళ్లు మోగే చోట అంత నిశ్శబ్దం... భయమేసింది.

అప్పుడు వినిపించింది.

ఖర్... ఖర్... ఆగింది... ఖర్...

శ్రీను ఆయాసం. నా పక్కనే. నా ఊపిరి బిగబట్టాను. అది మాత్రం ఆగలేదు. మెల్లగా చెయ్యి చాపాను. ఎవరూ లేరు. కానీ పరుపు... తడిగా ఉంది. వెచ్చగా ఉంది. ఇద్దరం ఆస్పత్రిలోనే ఉన్నాం, రెండు రోజులుగా దాని మీద ఎవరూ పడుకోలేదు.

ఖర్...

అంతే. మళ్లీ రాలేదు. ఎదురుచూశాను... రాలేదు. ఆ చప్పుడు కంటే అది ఆగిపోవడమే నన్ను వణికించింది.

చెప్పులు కూడా వేసుకోకుండా ఆస్పత్రికి పరుగెత్తాను. శ్రీను ముఖానికి ఆక్సిజన్ మాస్కు పెడుతున్నారు. కాసేపటి క్రితమే ఊపిరి అందకుండా పోయిందట. డాక్టర్‌కు అంతా చెప్పేశాను. ఆయన నన్ను బాగా తిట్టాడు. గోలీలో మందుతో పాటు కలిపే పొడి కరగదట. నరంలోకి వెళితే ఊపిరితిత్తుల సన్న నాళాల్లో ఇరుక్కుపోతుందట. వైద్యం మార్చారు.

బతికాడు. కానీ ఆ పొడి ఇక బయటికి రాదట. నాలుగడుగులు వేస్తే కూర్చుండిపోతాడు.

మొన్న అడిగాడు. "చెప్పనని మాటిచ్చినవ్ గదరా. మరి ఎవలు చెప్పమన్నరు నీకు?"

నువ్వే అందామనుకున్నాను... చెప్పులేసుకుని పనికి బయల్దేరాను. ఆ చీకట్లో నా పక్కన పడుకున్నది అతనో, నా భయమో... ఇప్పటికీ నాకు తెలియదు.