ఆఖరి కుప్ప

మా మామ పేరు బాలమల్లు. గోదావరిఖనిలో మా క్వార్టర్ల వరుసలో ఆ పేరు చెబితే ఎవరికీ తెలియదు. "కుప్పల మల్లన్న" అంటే మాత్రం చంటిపిల్లలు కూడా వేలుపెట్టి మా ఇల్లు చూపిస్తారు. కొత్త కోడలిగా వచ్చినప్పుడు ఆ పేరు విని నాకు తల కొట్టేసినట్టయింది. చెత్తకుప్పలనుకుంటారేమోనని మా అమ్మకు కూడా చెప్పలేదు. ఈ వాడకట్టులో అదొక హోదా అని తెలియడానికి ఒక ఆదివారం పట్టింది.

ఆదివారం పొద్దున ఇక్కడ పదిళ్లవాళ్లు కలిసి ఒక యాటను, అంటే మేకనో గొర్రెనో, కోయిస్తారు. ఆ కూరను, అంటే మాంసాన్ని, పంచే పని మా మామది. మా క్వార్టర్ ముందు పట్టా పరిచి, ఇంటికొక కుప్ప పెడతాడు. ప్రతి కుప్పలో తొడ దగ్గరి మెత్తటి కూర కొంత, బొక్కలు, అదే ఎముకలు, కొన్ని, కాస్త కొవ్వు, కార్జం ముక్క ఒకటి ఉండాలి. తక్కెడ పెట్టమంటే ఆయనకు ఎక్కడలేని కోపం.

"తూకం ఒక్కతీరుగుంటే సాలదు బిడ్డా," అన్నాడొకసారి నాతో. "ఒకనికి అన్ని బొక్కలే, ఇంకొకనికి అంత మెత్తటిదే పోతే గది పంచుడెట్లయితది?"

కుప్పలు పెట్టాక అసలు తంతు మొదలవుతుంది. దశరథం చిన్నమామ గోడవైపు తిరిగి నిలబడతాడు. మా మామ ఒక కుప్ప మీద చెయ్యి పెట్టి, "గిదెవలిది?" అంటాడు. చిన్నమామ వెనక్కి చూడకుండా నోటికొచ్చిన పేరు చెబుతాడు. ఎవరి పేరు వస్తే ఆ కుప్ప వాళ్లది. ఇక దాని మీద పేచీ లేదు.

చిన్నమామ మా మామకు తోడబుట్టినవాడేమీ కాదు. మా మామది హుజూరాబాద్ దగ్గరి నేతపని ఇల్లు. మగ్గం మీద పొట్ట నిండక బొగ్గుబాయికి వచ్చాడు. చిన్నమామ ఎక్కడినుంచో కూలికొచ్చి అదే బాయిలో చేరాడు. ఇద్దరిదీ ఒకే షిఫ్టు. భూమి అడుగున రెండు టిఫిన్ డబ్బాలు ఒకే మూతలో కలుపుకుని తిన్నవాళ్లు. రిటైరయ్యాక కూడా అన్నా, తమ్మీ అనే పిలుపు పోలేదు.

పోయిన ఎండాకాలం చిన్నమామకు గుండె ఆపరేషన్ అయింది. ఇంటికి తెచ్చిన రోజే ఆయన భార్య మల్లక్క చిన్నత్త నూనెకు, ఉప్పుకు, కూరకు కలిపి ఒకటే తాళం వేసింది. ఆదివారం కుప్పల్లోంచి తమ ఇంటి పేరు తీసేయమంది. చిన్నమామ మాత్రం రావడం మానలేదు. గోడవైపు తిరిగి అందరి పేర్లూ చెప్పి, ఖాళీ చేతులతో ఇంటికి పోయేవాడు. ఆ పోక చూడలేక నేను లోపలికి వచ్చేసేదాన్ని. మా మామకైతే ఆదివారం ముద్ద దిగడమే మానేసింది.

"అందరి పేర్లు చెప్తుండు. వాని పేరు చెప్పుకునే మోకా వానికి లేకపాయె," అని కంచం పక్కకు జరిపేవాడు.

ఒక ఆదివారం కుప్పలయ్యాక చిన్నమామ మెల్లగా, "అన్నా, వచ్చే నెలకెళ్లి ఇంకెవల్నన్న నిలబెట్టుకో. కాళ్లు గుంజుతున్నయ్," అన్నాడు. కాళ్ల సంగతి అబద్ధమని ఇద్దరికీ తెలుసు. ఆ నెల దాటితే చిన్నమామ ఇంట్లోంచి బయటికే రాడని మా మామ భయం.

ఇక గాలిపొయ్యి సంగతి. నేను ఏడాదిగా మిక్సీ మార్చమని మొత్తుకుంటుంటే, మా ఆయన అరుణ్‌కుమార్ ఆఫర్‌లో వచ్చిందని ఎయిర్ ఫ్రయర్ మోసుకొచ్చాడు. ఏం చెప్పాలి ఆ మనిషికి! దానికి గాలిపొయ్యి అని పేరు పెట్టింది మా మామే. నేను అందులో అప్పడాలు కాల్చడం తప్ప ఇంకేం చేసేదాన్ని కాదు. ఆ ఆదివారం సాయంత్రం అప్పడాలు పెడుతుంటే మా మామ వచ్చి దాని ముందు ముక్కాలిపీట వేసుకుని కూర్చున్నాడు.

"బిడ్డా, గిండ్ల నూనె ఏడ పోస్తరు?"

"పొయ్యరు మామా. వేడిగాలికే కాల్తది."

"మరి కూర కాల్తదా?"

నాకూ తెలియదు. ఫోన్‌లో వెతికాను. ఎవరో పరదేశపు ఆమె మాంసం ముక్కను పలచగా పరిచి, దాని మీద కూరగాయలు పేర్చి, చాపలా చుట్టి, దారంతో కట్టి లోపల పెడుతోంది. మా మామ ఆ వీడియోను మళ్లీ మళ్లీ పెట్టించుకున్నాడు. "గింతేనా? చుట్టుడు, కట్టుడే కదా!" అని లేచాడు. మగవాళ్లకు వంటంతా గింతే.

వచ్చిన ఆదివారం మా కుప్పలోని కాసింత మెత్తటి కూరను పలచగా కోసి, కత్తి వెనకవైపుతో మెత్తగా కొట్టాడు. నేను పచ్చి బొప్పాయి, అల్లం వెల్లుల్లి, మిరియాలు పట్టించి నాననిచ్చాను. క్యారెట్, బీన్స్ సన్నగా తరిగి లోపల పెట్టి చుట్టాం. దారం దగ్గర నా గొప్ప మొదలైంది. మాది సిరిసిల్ల. మా నాన్న పవర్‌లూమ్ మీద పని చేస్తాడు. మా పుట్టింటినుంచి తెచ్చుకున్న దారపు కండె తీసి ముడులు వేస్తూ, "దారం పని మాకిడువు మామా, మేం పుట్టుడే ముడిలో పుట్టినం," అన్నాను.

గాలిపొయ్యిలో పెట్టిన కాసేపటికి ఇల్లంతా ప్లాస్టిక్ కాలిన కంపు. బుట్ట బయటికి లాగితే దారం కరిగి ముక్కలకు అతుక్కుపోయింది. అది పాలిస్టర్. మా నాన్న మగ్గం మీద నడిచేదంతా పాలిస్టరే, నేనేం చేసేది? మా మామ నవ్వి నవ్వి గోడకు ఆనుకున్నాడు.

"సిరిసిల్ల బిడ్డకు దారం గుర్తువట్టరాకపాయె!"

నాకు ఒళ్లు మండింది. ముక్కలన్నీ పారేసి, ఆ రోజంతా ఆయనతో మాట్లాడలేదు. తెల్లారి చూస్తే ఆయన అరుగు మీద కూర్చుని, తన భుజం మీది నూలు తువ్వాల అంచునుంచి పోగులు లాగి పేనుతున్నాడు. "గిది చేమగ్గంది బిడ్డా. ఉత్త నూలు. గిది కరగది," అన్నాడు. ఇక కోపం ఎక్కడ నిలబడుతుంది? ఆ వారం మధ్యలోనే కొంచెం కూర తెచ్చి మళ్లీ చేశాం. దారం నిలబడింది. చిన్నమామకు ఉప్పు వేయకూడదు కాబట్టి లోపల పుంటికూర, అదే గోంగూర, ఆకులు కూడా పెట్టాను, ఆ పులుపుకైనా నోరూరుతుందని. ముక్క ఉడికింది, పైన ఎర్రగా కాలింది.

మా ఆయన నోట్లో నువ్వుగింజ నానదు. సాయంత్రానికల్లా ఈ సంగతి మల్లక్క చిన్నత్తకు చేరింది. కొంగు బిగించుకుని మా వాకిట్లోకి వచ్చింది.

"ఏం బావా, నా మొగన్ని చంపుదామనుకున్నవా?"

"నూనె సుక్క లేదు మల్లక్కా. సూడు..."

"నేనేం సూడ! ఆపరేషన్ గది బయట కూసున్నది నేను. నువ్వు గాదు." ఏడుస్తూ మెట్టు మీద కూలబడింది. "నాకు భయమైతది బావా. ఆయన దగ్గినా భయమే, తుమ్మినా భయమే."

మా మామ ఆమెకు చెంబుతో నీళ్లు అందించాడు. తర్వాత, "నీ మాటే నిజం. డాక్టరమ్మ దగ్గరికి పోతరు గద, నేనూ వస్త. ఆమె వద్దంటే మల్ల గీ ముచ్చటే ఎత్త," అన్నాడు.

డాక్టరమ్మ అంతా విని, ఎప్పుడో ఒకసారి రెండు ముక్కలైతే ఫరవాలేదంది. కొవ్వు, కార్జం మాత్రం ముట్టుకోవద్దంది. చిన్నత్త అదే మాట పట్టుకుంది. మెత్తటి ముక్క తప్ప ఏదీ తన గడప దాటి రావద్దంది. ఆసుపత్రినుంచి వచ్చిన మా మామ మొహంలో సంతోషానికి బదులు పరేషాన్ కనిపించింది.

"పంచేటప్పుడే మెత్తటిది జర పక్కకు తీసి పెడితే అయిపాయె గదా మామా," అన్నాను.

దొంగతనం చేయమన్నట్టు చూశాడు నన్ను. "పదిండ్ల కుప్పలకెళ్లి తీసి ఒక్కనికేస్తనా? గట్లయితే నేను కుప్పలు పెట్టుడెందుకు?" అని బయటికి పోయాడు. ఆదివారం దాకా సరిగ్గా మాట్లాడలేదు.

ఆ ఆదివారం కుప్పలు పెడుతుంటే అందరికీ అర్థమైంది, ఒకటి ఎక్కువ ఉందని. మా మామ పెదవి మీద వేలు పెట్టి ఊరుకోమన్నాడు. మా ఆయన నోరు కూడా ఆ ఒక్కపూట మూతపడింది. చిన్నమామకు ఈ ఎక్కువ కుప్ప సంగతి తెలియదు. గోడవైపు తిరిగి వరుసగా పేర్లు చెప్పుకుంటూ పోయాడు. చిన్నత్త మా గడపలో నా పక్కనే నిలబడి ఉంది.

"అయిపాయెనన్నా," అన్నాడు చిన్నమామ.

మా మామ ఆఖరి కుప్ప మీద చెయ్యి పెట్టి, "గిదెవలిది?" అన్నాడు.

"అందరియి చెప్పిన గదనే. మల్ల సూస్కో."

"సూసే అడుగుతున్న. గిదెవలిది?"

చిన్నమామ వెనక్కి తిరగలేదు. అన్నేళ్ల అలవాటు, తిరగకూడదని. తువ్వాలతో మొహం తుడుచుకోవడం మాత్రం వెనకనుంచి కనిపించింది. చిన్నత్త నా చెయ్యి పట్టుకుంది.

"దశరథంది," అన్నాడు, వినీ వినపడకుండా.

"గట్టిగ చెప్పు. వాడకట్టుకు ఇనవడాలె."

"దశరథంది!"

అప్పుడు మా మామ తనకొచ్చిన కుప్పను దాని పక్కకు లాక్కున్నాడు. దశరథం కుప్పలోని బొక్కలు, కొవ్వు, కార్జం ఏరి తన దాంట్లో వేసుకున్నాడు. తన దాంట్లోని మెత్తటి కూరంతా అటు వేశాడు. ఇంకెవరి కుప్పనూ ముట్టుకోలేదు.

మధ్యాహ్నం మా ఇంట్లోనే కూర చుట్టలు చుట్టాం. చిన్నత్త గాలిపొయ్యి ముందు కాపలా కూర్చుంది. మాటిమాటికీ బయటికి లాగి చూస్తుంటే అది ఎప్పటికి కాలాలి? నూలుపోగులు విప్పి రెండంటే రెండే లెక్కగా చిన్నమామ కంచంలో పెట్టింది. ఆయన ఒకటి తుంచి నోట్లో వేసుకుని చాలాసేపు నమిలాడు.

"ఎట్లున్నది చిన్నమామా?" అన్నాను.

"ఉప్పు లేదు, కారం లేదు. ఉత్త గడ్డి నమిలినట్టున్నది బిడ్డా."

పొద్దుటినుంచి నడుం వంచి చేసింది నేను! ఏదో ఒకటి అనబోయాను. అంతలో ఆయన రెండోది తీసుకున్నాడు.

"గడ్డంటివి గద, మల్లెందుకు తీస్కున్నవ్?" అంది చిన్నత్త.

"నా కుప్పది," అన్నాడాయన.

పక్కన కూర్చుని బొక్క చప్పరిస్తున్న మా మామ తలెత్తలేదు. ఆ పూట మా ఇంటిల్లిపాదికీ బొక్కలే మిగిలాయి. నేను ఒక్క మాట అంటే ఒట్టు.