మౌసులో లేని జీడిపొట్టు

పలాసలో మౌసు మొరాయించిందంటే కారణం జీడిపొట్టేనని నా నమ్మకం. నమ్మకమేమిటి, అనుభవం! రెండువేల ఐదారు ప్రాంతాల్లో కాశీబుగ్గలో నాకు కంప్యూటర్ల రిపేరు కొట్టు ఉండేది. జీడిపప్పు వ్యాపారుల ఆఫీసుల నుంచి వారానికి నాలుగైదు మౌసులు వచ్చేవి. అడుగున మూత తిప్పి, లోపలున్న రబ్బరు బంతిని తుడిచి, ఆ బంతికి ఆనుకుని తిరిగే సన్నటి కడ్డీలకు పేరుకుపోయిన ఎర్రటి పొట్టును బ్లేడుతో గీకితే చాలు, తెర మీద బాణం మళ్ళీ చెప్పినమాట వినేది. నన్ను అందరూ మౌసు డాక్టరు అనేవారు. ఆ పేరంటే నాకు చచ్చేంత ఇష్టం.

ఆ పేరు నా భార్య ముందే మంటగలిసింది.

అప్పటికి మా పెళ్ళయి మూడు నెలలైంది. ఆమెది టెక్కలి. ఒకరోజు పెట్టె సర్దుతుంటే చీరల మధ్యనుంచి పాత పేపర్లో చుట్టిన ఒక సీడీ బయటపడింది. చిన్న విమానం నడిపే పాత ఆట అది. మౌసు ఎటు కదిపితే విమానం అటు మలుపు తిరుగుతుంది. కొండలకు తగలకుండా వాటి మధ్యనుంచి పోవాలి. టెక్కలిలో కంప్యూటరు నేర్చుకునే రోజుల్లో క్లాసు అయ్యాక ఆడేదట.

"నేనూ మా బావా పోటీలు పెట్టుకునేవోళ్ళం" అంది చీర మడతపెడుతూ, అదేమంత విషయం కానట్టు.

ఆ బావ ఆమె మేనమామ కొడుకు. టెక్కలిలో ఆమెతోపాటే కంప్యూటరు నేర్చుకుని, ఇచ్ఛాపురంలో ఆ పనే చేసుకుంటున్నాడు. ఆమె అతనికేనని రెండిళ్ళవాళ్ళూ చిన్నప్పుడే అనుకున్నారు. తర్వాత జీడితోట గట్టు దగ్గర పెద్దలకు మాటామాటా వచ్చి సంబంధం చెడిపోయిందని పెళ్ళిచూపులనాడే మధ్యవర్తి నా చెవిన వేశాడు. అంటే ఆ గట్టు తగాదా రాకపోతే ఈమె నా ఇంట్లో ఉండేది కాదన్నమాట. నన్ను 'ఏవండీ' అంటుంది. అతన్ని నోరారా 'బావ' అంటుంది. నాకు అన్నం సహించకపోవడానికి ఆ ఒక్క తేడా చాలు.

"ఆ ఆట నేను ఆడిస్తాను చూడు" అన్నాను.

మా ఇంట్లో కొత్త కంప్యూటరు మీద ఆ ఆట అసలు తెరుచుకోలేదు. దానికి పాత విండోస్ తొంభై ఎనిమిదే కావాలి. కంప్యూటరు లోపల ఇంకో ఉత్తుత్తి కంప్యూటరును సృష్టించే సాఫ్ట్‌వేరు ఒకటుందని పత్రికలో చదివాను. దాన్ని తెచ్చి పెట్టాను. తెర మీద ఒక కిటికీ తెరుచుకుని, అందులో పాత విండోస్ మొదలైంది. ఆట పెట్టగానే సంగీతం వినిపించింది. నా భార్య వంటింట్లోంచి గరిటతో సహా పరిగెత్తుకొచ్చింది. ఆ క్షణంలో ఇచ్ఛాపురం నాకు చీమంత కనిపించింది.

ఆమె కూర్చుని మౌసు కదిపింది. విమానం గిర్రున పది చుట్లు తిరిగి, ముక్కు నేలకేసి కూలిపోయింది. ఎన్నిసార్లు ఆడినా అంతే.

నేను వెంటనే మౌసు విప్పాను. మా అమ్మ ఇంట్లోనే కూర్చుని జీడిపప్పు పొట్టు తీసేది, కాబట్టి నాకు అనుమానమే లేదు. బంతి తుడిచాను, కడ్డీలు గీకాను. విమానం మళ్ళీ కూలింది. కొట్టునుంచి ఇంకో రెండు మౌసులు తెచ్చాను. అవీ అంతే. అమ్మను చాటతో సహా వీధరుగు మీదకి పొమ్మన్నాను.

"ఏటిరా, నీ మౌసు తిరగకపోతే నాను ఎండలో కూకోవాలేటి?" అని తిట్టుకుంటూనే వెళ్ళింది.

చివరికి కింద ఎర్ర లైటు వెలిగే కొత్తరకం మౌసు కొన్నాను. దానికి బంతే ఉండదు. అయినా బోర్లించి పొట్టు ఎక్కడ దూరిందా అని వెతికాను. చెప్పుకోడానికి సిగ్గేస్తుంది గానీ, ఆ లైటు సందులోనూ బ్లేడు పెట్టాను. బొటనవేలు తెగింది. ఇలా వారం గడిచింది.

వేలికి గుడ్డ చుడుతూ ఆమె అడిగింది: "మా బావకి ఫోన్ సేద్దునా?"

వద్దంటే కుళ్ళు బయటపడుతుంది. "నీ ఇష్టం" అన్నాను.

ఆదివారం పొద్దున్న అతను రైలు దిగాడు. వరసకు నాకు తమ్ముడవుతాడు, అందుకని అన్నయ్యా అంటూ లోపలికొచ్చాడు. నాకంటే పొడుగు, జుట్టు కూడా ఒత్తుగా ఉంది. మా అమ్మ అతనికోసం వంజరం చేపల పులుసు పెట్టింది. నాకు మామూలు రోజుల్లో పప్పుచారే.

కుర్చీలో కూర్చుని, మౌసును రెండుసార్లు అటూ ఇటూ కదిపాడు, అంతే.

"మౌసు బంగారంలాగుంది అన్నయ్యా. దీన్లో పొట్టూ లేదు, ఏటీ లేదు. బయటి కంప్యూటరూ లోపలి కంప్యూటరూ దీన్ని పంచుకుంతన్నాయి. మామూలు పనికైతే సుఖమే, బాణం కిటికీలోకి ఎల్లొచ్చేత్తాది. ఆటకి మాత్రం పనికిరాదు. మౌసు ఎంత కదిలిందో విమానానికి తెలవాలి. ఇప్పుడు బాణం ఏ మూలుందో అదే తెలుత్తంది. అందుకే గిరగిరా తిరిగిపోతంది. దీన్ని లోపలిదానికే అప్పగించీయాలి."

సెట్టింగుల్లోకి వెళ్ళి, మౌసు అని ఉన్నచోట ఒక టిక్ తీసేశాడు. ఆ చోటు మాత్రం నేను కళ్ళారా చూశాను. తర్వాత ఏదో చెబుతున్నాడు, నా భార్య అతని భుజం వెనకనుంచి వంగి వింటోంది. నేను చూడలేక కూల్‌డ్రింకులు తెస్తానని వీధిలోకి వెళ్ళిపోయాను.

తిరిగొచ్చేసరికి విమానం కొండల మధ్య హాయిగా ఎగురుతోంది. ఇద్దరూ వంతులవారీగా ఆడుతున్నారు. ఆమె నవ్వుతోంది. మూడు నెలల్లో నేను ఒక్కసారీ వినని నవ్వు అది, గట్టిగా, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోకుండా. చేతిలో చల్లటి సీసాలు పట్టుకుని నిలబడి కుతకుతలాడిపోయాను.

సాయంత్రం అతన్ని రైలెక్కించి ఇంటికొచ్చాను. ఆమె పెరట్లో ఉంది. సెట్టింగుల్లోకి వెళ్ళి ఆ టిక్ మళ్ళీ పెట్టేశాను. చాలా సంతోషం వేసింది.

మర్నాడు ఆమె ఆట పెట్టింది. విమానం గిర్రున తిరిగి కూలింది.

"మీ బావ పనితనం ఒక్కరోజు ముచ్చటేనా?" అన్నాను.

ఆమె సెట్టింగులు తెరిచి, టిక్ తీసేసి, ఆట మళ్ళీ మొదలుపెట్టింది. విమానం తిన్నగా లేచింది.

"బావ రైలు సోంపేట దాటకముందే పెట్టేసినట్టున్నారు" అంది, తెర మీంచి చూపు తిప్పకుండా.

దొరికిపోయినవాడికి వచ్చే కోపం వచ్చింది నాకు. "అయితే అతన్నే పిలిపించుకో. ఆ గట్టు తగాదా లేకపోతే ఎలాగూ అతనితోనే ఆడేదానివి" అనేశాను.

ఆమె మౌసు వదిలేసింది. విమానం దేన్నో గుద్దుకుంది.

"గట్టు తగువా? అది మావాళ్ళు పరువు కోసం సెప్పుకున్న మాట. బావని సేసుకోనని మా మావయ్య మొకం మీదే సెప్పేసింది నేను. ఆ కోపంతోటే మావయ్య గట్టు కాడ తగువెట్టినాడు."

నేను బొటనవేలి గుడ్డ ముడి విప్పి మళ్ళీ కట్టుకున్నాను.

"బావతో ఆడ్డానికి కాదు, మీతో ఆడదామనే ఆ సీడీ తెచ్చుకున్నాను. మీరేమో వారం దినాలు మౌసు గీక్కుంటూ కూకున్నారు. ఏలు తెగాక ఇంక సూడలేక పిలిచినాను." లేచి కుర్చీ నావైపు జరిపింది. "కూకోండి."

కూర్చున్నాను. మొదటి కొండనే గుద్దేశాను. ఆమె పకపకా నవ్వింది, నిన్నటి నవ్వే. సిగ్గుతో ఆట ఆపేసి లేద్దామనుకున్నాను. ఎంత కదిపినా బాణం ఆ కిటికీ దాటి బయటికి రాలేదు. బయటికి తేవాలంటే ఏదో మీట నొక్కాలి. అదేమిటో నిన్న అతను చెబుతున్నప్పుడు నేను కూల్‌డ్రింకుల కొట్టు దగ్గర నిలబడి పళ్ళు నూరుతున్నాను. ఇప్పుడు నోరు తెరిచి ఆమెనే అడగాలి.

"బయటికి ఎలా రావాలి?" అన్నాను.

"ఇప్పుడు బయటికెందుకండీ? మళ్ళీ ఆడండి" అంది.