నర్మద బండి, నలభై సాంచెలు

నర్మద కుడిచెయ్యి ఇప్పుడు పూర్తిగా చాచడానికి రాదు. మోచేతి దగ్గర వంకరగా ఆగిపోతుంది. చూసినవాళ్లు బండి మీది నుంచి పడిందేమో అనుకుంటారు. ఆ అబద్ధానికి తలూపే రకం కాదు నర్మద. "పడలే. అంబదాస్ రాడ్‌తోని ఇరగ్గొట్టిండు. నేనూ వాని చెయ్యి ఇరగ్గొట్టిన" అని మొహం మీదే చెప్తుంది. కేసు ఇద్దరి మీదా నడుస్తోంది.

సిరిసిల్లలో ఒకే కార్ఖానాలో పదకొండేళ్లు కండెలు చుట్టింది ఆమె. పొద్దున్నే కూచుంటే పొద్దుగూకే దాకా నూలు చుట్టి సాంచెల మీదికి అందించడమే. మరమగ్గాన్ని అక్కడ సాంచె అంటారు. నలభై సాంచెలు ఒక్కసారి కొట్టుకుంటుంటే చెవిలో అరిచినా వినపడదు. అందుకే అక్కడి మనుషులు పెదవులు చూసి మాట్లాడుకుంటారు. వచ్చే కూలి కూరగాయలకే సరిపోయేది. విసుగు పుట్టి ఒకరోజు మెడలోని బంగారు గుండ్లు అమ్మేసి, బరువు మోసే ఎలక్ట్రిక్ బండి కొనుక్కొచ్చింది. కాళ్ల దగ్గర ఒక నూలు సంచి, వెనక ఇంకొకటి. సేటు దుకాణం నుంచి కార్ఖానాలకు నూలు చేరవేయడం మొదలుపెట్టింది.

"సప్పుడే రాదు, గిదేం బండే నర్మదా" అని నవ్వాడు మల్లన్న. ఆ కార్ఖానాలో అందరికంటే పాత కార్మికుడు.

"మీ సాంచెల సప్పుడు సాలదా కాకా" అంది నర్మద.

నెల తిరక్కుండా నవ్వులు ఆగిపోయాయి. ట్రాలీ ఆటో నిండా సరుకు ఎక్కితే తప్ప కదలదు. అది వచ్చే దాకా నూలు లేక సాంచె ఆగితే, నేసేవాడి కూలీ ఆగుతుంది. నర్మదకు ఫోన్ చేస్తే పది నిమిషాల్లో సంచి గుమ్మంలో ఉండేది. అంబదాస్‌కు కడుపు మండింది. పదిహేనేళ్లుగా ఆ గల్లీల్లో నూలంతా తిరిగింది అతని ట్రాలీ మీదే. మొదట బూతులు తిట్టాడు. తర్వాత ఆమె టైర్లు కోశాడు. ఇంకో రోజు పట్టపగలు ట్రాలీతో వెనక నుంచి గుద్ది మురికి మోరీలో పడేశాడు. నర్మద మోకాలు చీరుకుపోయింది. లేచి, ఆ బురదతోనే పోయి, నలుగురి ముందు అతని కాలర్ పట్టుకుని చెంప వాయించింది.

"నీ బండిని కాలవెడ్త సూడు" అన్నాడు అంబదాస్.

"వెట్టు, సూస్త" అందే గానీ, ఆ రోజు నుంచి బండిని ఇంట్లో మంచం పక్కనే నిలబెట్టుకుంది. భయం ఉండదా మరి? గుండ్లు పోయాయి. ఈ బండి కూడా పోతే మళ్లీ కార్ఖానా నడిపే ఆసామి కాళ్లు పట్టుకుని కండెల ముందు కూచోవాలి.

మొన్న ఎండాకాలం, మిట్టమధ్యాహ్నం. నర్మద పనిచేసిన కార్ఖానా వెనక గల్లీలో ట్రాలీ అడ్డంగా నిలిచి ఉంది. నర్మద బ్రేక్ వేసేసరికి అంబదాస్ ఇనుప రాడ్ పట్టుకుని దిగాడు. మొదటి దెబ్బకు బండి లైటు పగిలింది. రెండో దెబ్బకు హ్యాండిల్ వంగింది. మూడో దెబ్బకు నర్మద చెయ్యి అడ్డం పెట్టింది. ఎముక విరిగి చెయ్యి వేలాడిపోయింది.

"మల్లన్న కాకా" అని గొంతు చినిగేలా అరిచింది. గోడకు అవతల నలభై సాంచెలు దడదడలాడుతున్నాయి. ఇక్కడ ప్రాణం పోయినా అక్కడ ఒక్క చెవికీ చేరదు. అది తెలిసే ఆ పాపిష్టివాడు ఆ చోటు ఎంచుకున్నాడు.

జుట్టు పట్టి కిందికి లాగాడు. నర్మద అతని బొటనవేలు దొరకబుచ్చుకుని కొరికింది. నోట్లోకి రక్తం వచ్చినా వదల్లేదు. కడుపులో తన్ని విడిపించుకున్నాడు. ట్రాలీలోంచి పెట్రోలు సీసా తీసి బండి మీదా నూలు సంచుల మీదా పోశాడు. అగ్గిపెట్టె తీశాడు గానీ, కొరికిన వేలికి పుల్ల పట్టు చిక్కడం లేదు.

సాంచెల దగ్గర మనిషి అరిస్తే ఎవరూ రారు. కరెంటు పోతే మాత్రం అందరూ బయటికొస్తారు, బీడీ కోసమో గాలి కోసమో. పదకొండేళ్లు నర్మద కూడా అట్లాగే వచ్చింది. మెయిన్ స్విచ్ ఉండేది కార్ఖానా వెనక తలుపు పక్కన, బయటి గోడకే. పాకుతూ పోయి, గోడ పట్టుకుని లేచి, ఎడమచేత్తో దాన్ని కిందికి గుంజేసింది.

నలభై సాంచెలూ ఆగిపోయాయి.

మొదట మల్లన్న బీడీ కట్టతో బయటికొచ్చాడు. అతని వెనక ఇరవై మంది. నెత్తురోడుతున్న నర్మదనూ, పుల్ల గీయబోతున్న అంబదాస్‌నూ చూశారు. మల్లన్న బీడీ కట్ట పారేసి ఆ మణికట్టు పట్టి వెనక్కి మెలితిప్పాడు. మిగతావాళ్లు మీద పడ్డారు. పిడికిళ్లతో, కాళ్లతో, చెప్పులతో కొట్టారు. రెండు పళ్లు నేల మీద పడ్డాయి. మల్లన్న కింద పడున్న రాడ్ తీసి నర్మద ఎడమచేతిలో పెట్టాడు.

"ఏ చెయ్యి ఇరగ్గొట్టిండో గా చెయ్యే ఇరగ్గొట్టు బిడ్డా."

కొట్టింది. ఎముక విరిగిన చప్పుడు గల్లీ అంతా వినిపించింది. మళ్లీ రాడ్ ఎత్తింది. ఈసారి తల మీదికి.

"వద్దక్కా, సచ్చిపోత" అన్నాడు అంబదాస్.

చంపాలనే ఉంది ఆమెకు. కానీ చంపితే జైలు, జైలుకు పోతే ఈ బండి ఎవరు నడపాలి? రాడ్ పారేసింది. "నీళ్లు వొయ్యండి బండి మీద" అంది.

నాలుగు బకెట్ల నీళ్లతో పెట్రోలు కడిగారు. చప్పుడు చేయని బండి, బతికిందో లేదో చెవికి తెలియదు. నర్మద తాళం తిప్పి, ఎడమచెయ్యి సాచి రేస్ తిప్పింది. వెనక చక్రం మెల్లగా తిరిగింది.

"కాకా, మెయిన్ ఎయ్యి" అంది.

"ముందు దవాఖానకు నడువు."

"పోదాం. ముందుగాల మెయిన్ ఎయ్యి."

మల్లన్న స్విచ్ ఎత్తి వచ్చాడు. నలభై సాంచెలూ ఒక్కసారిగా లేచాయి. అప్పుడు నర్మద బండి సీటు మీద తల పెట్టి, నోరంతా తెరిచి ఏడ్చింది. పక్కనే నిలబడ్డ మల్లన్నకు ఆమె గొంతు వినపడలేదు. పెదవులు చూశాడు. అవ్వా, అవ్వా అని తల్లిని పిలుస్తున్నాయి.