ఎర్ర బోరింగు మీద పచ్చ చుక్క

తాగకూడదని ప్రభుత్వమే ఎర్ర రంగు వేయించిన బోరింగుకు కంప్యూటరు పటంలో పచ్చ చుక్క పెట్టారు. ఆ చుక్కను చూసి బేతేలు కాలనీకి వెళ్లే మంచినీళ్ల ట్యాంకరును ఆపేశారు. ఇందులో ఎవరూ లంచం తినలేదు, ఎవరూ అబద్ధమాడలేదు. తప్పు చేసినవాడంటూ దొరికితే కనీసం తిట్టడానికైనా ఉండేది.

ఇక పూర్వాపరాలు. తొంభైల మధ్యలో నన్ను దర్శి వైపు బోరింగు మెకానిక్‌గా వేశారు. గ్రామీణ నీటి సరఫరా విభాగంలో మెకానిక్ అంటే అడుగు మెట్టు. మా పైన వర్క్ ఇన్‌స్పెక్టరు, ఆయన పైన ఏఈ, ఆ పైన డీఈ. రిటైరయ్యే నాటికి నేను వర్క్ ఇన్‌స్పెక్టరుదాకా ఎక్కాను, అంతకు మించి ఎక్కడానికి చదువు లేదు. ఏడో తరగతిలో బడి మానేసి మా నాన్న వెంట మిరప చేలో కలుపు తీసినవాణ్ణి. ఇంగ్లీషు నేర్చుకున్నది పంపు విడిభాగాల పెట్టెల మీది అక్షరాలు కూడబలుక్కుని. ఫ్లోరైడు సంగతి తెలుసుకున్నది పరీక్ష పెట్టెలో మడిచి పెట్టిన కాగితం చదివి, అర్థం కానిచోట ఏఈ గారి ప్రాణం తీసి.

ఆ పరీక్ష ఇలా ఉండేది. చిన్న గాజు గొట్టంలో బోరింగు నీళ్లు పోసి, సీసాలోని మందు చుక్కలు వేయాలి. గులాబీ రంగు నిలిస్తే ఫరవాలేదు. పసుపుకు తిరిగిందంటే ఫ్లోరైడు ఎక్కువ. అప్పుడు ఆ నీళ్లు వేరే సీసాలో పట్టి జిల్లా ల్యాబుకు పంపాలి. అక్కణ్ణుంచి కాగితం వచ్చాక బోరింగుకు కిందనుంచి పైదాకా ఎర్ర రంగు కొట్టాలి. మూసేయకూడదు. బట్టలు ఉతకడానికి, అంట్లు తోమడానికి, గేదెల్ని కడగడానికి ఆ నీళ్లు కావాలి. ఎర్ర రంగుకు అర్థం నీళ్లు రావని కాదు. వస్తాయి, తాగవద్దని.

ఫ్లోరైడు నీళ్లతో ఉన్న చిక్కేమిటంటే, అవి చూడ్డానికి తేటగా ఉంటాయి. ఉప్పగా ఉండవు, వాసన రాదు. మా వైపు కందిపప్పు వాటితో ఇట్టే ఉడుకుతుంది. మరగబెడితే ఫ్లోరైడు పోకపోగా ఇంకా చిక్కబడుతుంది. పళ్లకు గార పట్టి, మోకాళ్లు వంగి, మెడ తిరగకుండా పోయేదాకా ఆ నీళ్ల మీద ఎవరికీ అనుమానం రాదు. అందుకే రంగు.

బేతేలు కాలనీలో నేను రంగు డబ్బా తెరిచిన రోజున పెద్ద గొడవైంది. అది ఊరికి తూర్పున, పత్తి చేలు దాటాక ఉండే క్రైస్తవుల కాలనీ. కూలి పనులకు వెళ్లేవాళ్లే ఎక్కువ. ఊళ్లో బోరింగుల నీళ్లు పరీక్షకు నిలిచాయి, వాళ్లది నిలవలేదు. కొత్తగా కాపురానికి వచ్చిన సువార్తమ్మ అనే అమ్మాయి బిందె నడుమున పెట్టుకుని నా ఎదుటికి వచ్చింది.

"ఊళ్లో బోరింగులకి లేని రంగు మా దానికెందుకయ్యా? మేమేమన్నా అంటురోగం గాళ్లమా?"

"నీళ్లకమ్మా రంగు, మీకు కాదు."

"మరి ఊళ్లో నీళ్లు, మా నీళ్లు ఒకే భూమిలోయి కాదా?"

ఆ ప్రశ్నకు సమాధానం చెప్పడానికి చాలాసేపు పట్టింది. రాతి పొర ఎక్కడికక్కడ మారుతుందని, పక్కపక్క బోరింగుల నీళ్లే ఒకటి మంచివి, ఒకటి చెడ్డవి కావచ్చని నేల మీద పుల్లతో గీసి చూపించాను. పాస్టరు గారు విన్నారు. ఆ ఆదివారం ఆరాధన అయ్యాక ఆయనే నిలబడి, ఎర్రది వాడకానికి, తాగడానికి కాదు అని చెప్పారు. ఆ తర్వాత అది కాలనీ కట్టుబాటు అయింది. క్రిస్మస్‌కు ముందు చర్చికి సున్నం వేసేటప్పుడు కుర్రాళ్లు తలా కొంచెం వేసుకుని ఎర్ర రంగు డబ్బా కూడా తెచ్చేవారు. ఏటా బోరింగుకు కొత్త రంగు పడేది. డిపార్టుమెంటు మరిచిపోయినా వాళ్లు మరవలేదు. నా సర్వీసులో నేను చేసిన పని నా తర్వాత కూడా నిలిచిన చోటు అదొక్కటే.

తాగడానికి ఊరి ట్యాంకు నుంచి పైపు వేశారు గానీ నీళ్లు కాలనీ దాకా ఎక్కవు. అందుకని మండలం నుంచి ట్యాంకరు వచ్చేది. అది ఆగింది ఈ ఏడాది, మిర్చి కోతలు ముగిసే రోజుల్లో. నేను రిటైరై అప్పటికి చాలా కాలమైంది. సువార్తమ్మ ఇప్పుడు అక్కడి అంగన్‌వాడీలో ఆయా. పిల్లలకు వండి పెట్టేది ఆమే. ఫోను చేసింది.

"బోరింగన్నా, ట్యాంకరు ఆపేశారు. మాకు మంచి బోరింగు ఉందంట. నాకు తెలవకుండా ఎప్పుడేశారన్నా?"

మండలాఫీసుకు వెళ్లాను. అక్కడి అధికారి మర్యాదస్థుడు. కుర్చీ వేయించి, కంప్యూటరు తెర నా వైపు తిప్పారు. జిల్లాలోని నీటి వనరులన్నీ అందులో చుక్కలుగా ఉన్నాయి. కాలనీ దగ్గర పచ్చ చుక్క. దాన్ని నొక్కితే ఫొటో వచ్చింది. ఫొటోలో మా బోరింగు నిగనిగలాడుతూ, రక్తం రంగులో ఉంది. దాని కిందే రాసి ఉంది: పనిచేస్తున్నది, నిర్వహణ చాలా బాగున్నది.

"మీరు చెప్పేది నిజమే కావచ్చండి," అన్నారాయన. "కానీ ట్యాంకర్ల జాబితా ఈ పటాన్ని బట్టే తయారవుతోంది. పటం మార్పించుకు రండి, మర్నాడే పంపిస్తాను."

పటం తయారుచేసింది ప్రభుత్వం కాదు. చదువుకున్న కుర్రాళ్లు కొందరు సొంతంగా సంఘం పెట్టి, ఊరూరా వాలంటీర్లను పంపి, ఫోన్లలో ఫొటోలు తీయించి చేశారు. అందరికీ ఉచితం, ఎవరైనా వాడుకోవచ్చు. దాన్నే ఓపెన్ డేటా అంటారు. ఆ సంఘంవాళ్ల సదస్సు గుంటూరులో ఒక ఇంజనీరింగు కాలేజీలో జరుగుతోందని తెలిసి బస్సెక్కాను.

ద్వారం దగ్గర మెడలో వేసుకోవడానికి అట్ట ఇచ్చారు. పేరు, సంస్థ అని ఉంది. సంస్థ దగ్గర ఏం రాయాలో తోచక "బేతేలు కాలనీ" అని రాశాను. అక్కడి పద్ధతి ఏమిటంటే, వచ్చినవాళ్లు తమ విషయాన్ని రంగు చీటీ మీద రాసి గోడకు అంటించాలి. ఒకేలాంటి చీటీలను నిర్వాహకులు గుంపులు చేసి, గుంపుకొక చర్చ పెడతారు. నేను తెలుగులో "ఎర్ర బోరింగు తాగకూడదు, పచ్చ చుక్క తీసేయాలి" అని రాసి అంటించాను. టీ తాగి వచ్చేసరికి నా చీటీ మూలకు జరిగింది. దాని పైన "డేటా నాణ్యత" అని ఇంగ్లీషులో పెద్ద చీటీ. ఆ గుంపు చర్చలో గంటసేపు ప్రమాణాల గురించి మాట్లాడారు. బోరింగు మాట రాలేదు.

పటానికి ముఖ్యుడు కార్తీక్ అనే కుర్రాడు. తెనాలి అబ్బాయి. భోజనాల దగ్గర పట్టుకున్నాను. పళ్లెం పక్కన పెట్టి, పద్ధతిగా విన్నాడు.

"అంకుల్, అందులో నీళ్లు వస్తున్నాయా, రావట్లేదా?"

"వస్తాయి. తాగకూడదు."

"మా ఫారంలో నీళ్లు వస్తున్నాయా అన్న ప్రశ్నే ఉందండీ. వస్తే పచ్చ, రాకపోతే ఎరుపు."

"ఏమయ్యా, ఫొటోలో బోరింగు ఎర్రగా కనపడుతూనే ఉంది కదా!"

"రంగుకి కాలమ్ లేదండీ. పైగా..." అని కొంచెం తగ్గాడు. "పెయింటు కొత్తగా ఉందని చూసి మావాళ్లు నిర్వహణకి ఫుల్ మార్కులేశారు."

నాకు ఒళ్లు మండింది. తాగవద్దని ఏటా ఆ పేదవాళ్లు చేతి డబ్బు పెట్టి వేసిన రంగు, తాగమని చెప్పే సాక్ష్యం అయింది.

నీళ్లు మంచివో కాదో అడగని ఫారం నీళ్ల ఫారం ఎట్లా అవుతుందన్నాను. ఒక పూటలో ఊరంతా తిరిగే వాలంటీర్లు నీళ్లు పరీక్ష చేయలేరని, తెలియనిది రాయకూడదనే ఆ ప్రశ్న తీసేశామని అతను చెప్పాడు. ల్యాబు లెక్కలు ఉన్నాయి కదా అన్నాను. ఉన్నాయి గానీ అవి ఊరికొక కోడ్ మీద ఉన్నాయట. నమూనా పట్టేది ఊరి ట్యాంకు దగ్గర. కాలనీకి విడిగా కోడ్ లేదు. ల్యాబు ప్రకారం ఊరి నీళ్లు మంచివి, కాలనీ ఆ ఊళ్లోదే కాబట్టి దాని నీళ్లూ మంచివే.

"పోనీ, తెలియదు అని ఒక రంగు పెట్టకపోయారా?"

"పెట్టి చూశామండీ. పటం సగానికి పైగా బూడిద రంగైపోయింది. అట్లా ఉంటే ఆఫీసుల్లో ఎవరూ వాడరన్నారు."

మధ్యాహ్నం నన్ను వేదిక ఎక్కించారు. వచ్చినవాళ్లలో ఎవరైనా అయిదు నిమిషాలు మాట్లాడవచ్చట. గులాబీ, పసుపు పరీక్ష చెప్పాను, ఎర్ర రంగు చెప్పాను, ట్యాంకరు చెప్పాను. చప్పట్లు బాగా కొట్టారు. ఒకమ్మాయి కళ్లు తుడుచుకుంది. నాతో ఫొటోలు దిగారు. నేను అడిగింది ఒక్క చుక్క మార్చమని. ఒక మనిషి మాట మీద మార్చడానికి వీల్లేదని, అట్లా మారిస్తే రేపు ఎవరు పడితే వాళ్లు మార్పిస్తారని, వెబ్‌సైటులో ఫొటోతో సహా సవరణ కోరాలని చెప్పారు. అదీ నిజమే. ఆ రోజంతా నాకు అందరూ నిజాలే చెప్పారు.

బస్టాండు దాకా కార్తీక్ తన బండి మీద దింపాడు. దిగాక గొంతు తగ్గించి అన్నాడు: "అంకుల్, ఒక మాట. అది చెడిపోయిందని రాస్తే వెంటనే ఎరుపైపోద్ది. పెద్దగా చూడరు."

ఆ మాట నన్ను వారం రోజులు నిద్రపోనివ్వలేదు. ఉత్తినే రాస్తే అబద్ధం, నిజంగానే చెడగొడితే కాదు. బోరింగు తల మూత విప్పి, గొలుసు బోల్టు లాగేస్తే చాలు. పటం ఎర్రబడుతుంది, ట్యాంకరు వస్తుంది. జన్మంతా బోరింగులు బాగుచేసినవాణ్ణి, ఒకదాన్ని పాడుచేయడానికి పాత స్పానర్లు సంచిలో వేసుకుని బేతేలు కాలనీకి వెళ్లాను.

సువార్తమ్మ అంగన్‌వాడీ అంట్లు తోముతోంది. నేను చెప్పింది విని చెయ్యి ఆపలేదు.

"పీకెయ్. ట్యాంకరు రేపే వచ్చిద్దా?"

"రేపు కాదులే, కాగితం నడవాలి కదా."

"అదెంత నడకో నీకే ఎరుక, డిపార్టుమెంటులో చేసినోడివి. అందాకా అంట్లు దేంతో తోమను? గేదెలకేం పోసేది? ట్యాంకరు ఆపినోళ్లు వాళ్లు. బోరింగు ఆపినోడివి నువ్వవుతావన్నా."

స్పానరు సంచిలోనే ఉండిపోయింది.

"పిల్లలకి ఏ నీళ్లు పోస్తున్నావ్?" అని అడిగాను.

"తాగను క్యాన్ నీళ్లు కొంటున్నాం, చాలినన్నాళ్లు. వంటకి ఇయ్యే. పప్పు మాత్రం మా బాగా ఉడుకుద్ది," అని నవ్వింది. ఆ నవ్వులో ఏముందో నాకు తెలుసు. ఆమె ముందు పళ్ల మీద గోధుమ రంగు చారలు చిన్నప్పటివి, పుట్టింటి బోరింగువి.

సవరణకు ఫొటో కావాలి కదా. ఎర్ర రంగు తెలిసేట్టు, ఇక్కడ మనుషులు ఉంటున్నారని తెలిసేట్టు, సువార్తమ్మను బోరింగు పక్కన నిలబెట్టి తీశాను. ఫోను ముందు ఊరికే నిలబడాలంటే సిగ్గని ఆమె బోరింగు కొడుతూనే ఉంది. దానికి వివరం తెలుగులో, నాకు వచ్చిన ఇంగ్లీషులో రాసి, పాత ల్యాబు కాగితం నకలు జతచేసి పంపాను. నకలు మీద ఉన్న బోరింగు పాత నంబరు పటంలోని నంబరుతో సరిపోలలేదని మొదట తిప్పి పంపారు. మళ్లీ పంపాను. వేసవి పోయింది, వానలు పోయాయి. పత్తి తీతలు అయ్యాయి. అంగన్‌వాడీలో వంట ఆ నీళ్లతోనే నడుస్తోంది. మొన్న కాలనీ కుర్రాళ్లు ఫోను చేసి, క్రిస్మస్‌కు ఈసారి బోరింగుకు రంగు వేయాలా, మానాలా అని అడిగారు. వేయమనే చెప్పాను. వేస్తే నిర్వహణ బాగుందంటారు, మానేస్తే కొత్తగా కాపురానికి వచ్చినవాళ్లకు తెలియదు.

ఈ వ్యవహారంలో నేను తెలుసుకున్నది ఇంతే. హెచ్చరిక ఎవరు చదువుతారో చూసుకుని పెట్టాలి. మేం బిందె పట్టుకుని వచ్చే మనిషి కోసం రంగు వేశాం. ఇప్పుడు చదివేది ఆ మనిషి కాదు. ఫారంలో గడి లేని సంగతి ఎంత పెద్దదైనా ఆఫీసుకు చేరదు, దాన్ని చేర్చమని అడగడానికి కూడా గడి ఉండాలి.

సంఘం నుంచి చివరకు వచ్చిన జవాబు ఇది:

"నమస్తే. బేతేలు కాలనీ చేతిపంపుపై మీరు పంపిన సవరణ అభ్యర్థనను మా వాలంటీర్లు పరిశీలించారు. మీరు జతచేసిన ఫొటోలో ఒక మహిళ పంపు కొట్టడం, నీరు ధారాళంగా రావడం స్పష్టంగా కనిపిస్తున్నది. కాబట్టి ఈ వనరు పనిచేస్తున్నట్లు మరోసారి నిర్ధారించి, పాత ఫొటో స్థానంలో మీ ఫొటోను ఉంచాము. అభ్యర్థన ముగించబడినది. మీ సహకారానికి కృతజ్ఞతలు."