ఎర్రమూత డబ్బా

మా ఇంటి ముందుగదిలో నేను బ్యూటీపార్లర్ పెట్టింది ఇంట్లోకి మొదటిసారి ఫోను వచ్చిన ఏడాది. యాకుత్‌పురా స్టేషన్ నుంచి నడిచి వస్తే మూడో గల్లీ మాది. కిటికీకి పచ్చ కర్టెన్, గోడకు పెద్ద అద్దం, తిరిగే కుర్చీ ఒకటి. ఆడవాళ్లే వచ్చేవారు. కొందరు బురఖా మేకుకు తగిలించి కూర్చునేవారు, కొందరు పూజ ముగించి తడి జుట్టుతోనే వచ్చేవారు. థ్రెడింగ్, ఫేషియల్, పెళ్లికూతుళ్ల మేకప్. ఆరునెలల కోర్సులో నేను నేర్చుకున్నది అంతే. అయినా ముఖానికి రాసే ప్రతిదాని గురించీ నాకు తెలుసని వాళ్లు నమ్మేవారు. నేనూ నమ్మేదాన్ని.

పార్లర్‌కు కావలసిన సామాను తెచ్చే ఏజెంటు నెలకోసారి సూట్‌కేసుతో వచ్చేవాడు. ఒక వేసవిలో ఆ సూట్‌కేసు అడుగు నుంచి చిన్న తెల్లడబ్బా తీసి నా చేతిలో పెట్టాడు. ఎర్రమూత. పైన పేరు లేదు. ఒక్క అక్షరం కూడా లేదు.

"బాహర్ కా మాల్ బాజీ, ఫారిన్ సరుకు. మంగు మచ్చలు గానీ, నలుపు గానీ, పది రోజుల్ల సాఫ్. పెట్టి చూడుండ్రి."

"దీంట్ల ఏముంది భాయ్?"

"జడీబూటీ. అంతా చెట్ల మందే."

ఒక్క ప్రశ్న అడిగాను, ఒక్క జవాబుతో ఊరుకున్నాను. ఆరు డబ్బాలు తీసుకుని డ్రాయర్‌లో పెట్టాను.

మొదటి డబ్బా ఇచ్చింది పక్క గల్లీలో ఉండే టీచర్‌కు. శాలిబండలో ఒక చిన్న స్కూల్లో లెక్కలు చెప్పేది. నాకంటే నాలుగైదేళ్లు చిన్న. రెండో కాన్పు తర్వాత రెండు చెంపల మీదా మంగు పరుచుకుంది. ఒకరోజు ఐబ్రోస్ చేయించుకుంటూ, కళ్లు మూసుకునే చెప్పింది.

"పిల్లలు అడుగుతుండ్రక్కా, టీచర్ మీ మొఖానికి ఏమైందని. బోర్డు దిక్కు తిరిగి రాస్తుంటేనే నాకు నిమ్మళంగ ఉంటుంది."

ఆ మాటకు నాకు జాలేసింది. డ్రాయర్ తీశాను. "రాత్రి పూట కొంచెం రాయి, పొద్దుగాల్ల కడుక్కో" అన్నాను, ఏదో డాక్టర్‌లాగా.

పన్నెండు రోజులకు వచ్చింది. చెంపలు నిజంగానే తేటపడ్డాయి. అద్దంలో అటూ ఇటూ తిరిగి చూసుకుని నా చేతులు పట్టుకుంది. నాకు గర్వంతో ఒళ్లు పొంగింది. ఆమెను చూసి ఇంకొకరు, వాళ్లను చూసి వేరొకరు. "ఆ ఎర్రమూత క్రీం ఉందా?" అని ఫోన్లు రావడం మొదలైంది. ఏజెంటు వచ్చినప్పుడల్లా ఇంకొన్ని డబ్బాలు తీసుకున్నాను, చలికాలం చివర నేనూ రాసుకోవడం మొదలుపెట్టాను.

ఏడాది తిరిగింది. మళ్లీ ఎండలు ముదిరాక టీచర్ రాక తగ్గిపోయింది. ఒక మధ్యాహ్నం పార్లర్‌లో ఎవరూ లేనప్పుడు వచ్చి తలుపు దగ్గరే నిలబడింది. కొంగు ముక్కు దాకా కప్పుకుని ఉంది.

"ఇంకో డబ్బా ఇయ్యక్కా. జల్దీ."

"కొంగు తియ్యి, చూస్త."

తీసింది. చెంపలు రెండూ పండిన టమాటా రంగులో ఉన్నాయి. ముక్కు పక్కన ఎర్రటి సన్నని నరాలు, మ్యాపులో నదుల్లాగా. గడ్డం చుట్టూ చీముపొక్కులు. దవడ మీద ఇదివరకు లేని నూగు.

"మూడ్రోజులు రాయకుండ ఉన్న. మిర్చి రుద్దినట్లు మంట. వంటింట్ల స్టవ్ దగ్గర నిలవడలేక పోతున్న. రాస్తే తగ్గుతదక్కా, నాకు తెలుసు. ఇయ్యి."

రాస్తే తగ్గుతుంది, మానితే మండుతుంది. అంటే ఏమిటో అప్పుడే ఆలోచించి ఉండాల్సింది. కానీ ఆమె కళ్లలో నీళ్లు. నా చేయి డ్రాయర్ దగ్గరకు వెళ్లింది. డబ్బా ఇచ్చాను. ఆమె అక్కడే మూత తీసి, అద్దం ముందు నిలబడి, వేలితో రాసుకుంది. ఊపిరి వదిలింది. ఆ నిట్టూర్పు విన్నాక నాకు భయం వేసింది.

ఆమె వెళ్లాక తలుపు గడియపెట్టి, అద్దానికి ముఖం ఆనించి చూసుకున్నాను. నా ముక్కు పక్కన కూడా ఒక ఎర్రనరం. ఒకటే. దారమంత సన్నం.

మర్నాడు ఉదయం ఆమె ఇంటికి వెళ్లి, "నడువు, దవఖానకు పోదాం" అన్నాను. ఎందుకని అడగలేదు. ఆటోలో నయాపూల్ దాటి పెద్దాసుపత్రికి వెళ్లాం. నా హ్యాండ్‌బ్యాగులో ఒక డబ్బా ఉంది. దాన్ని చూపించాలని వేసుకున్నానో, చూపించకుండా ఉండాలని దాచుకున్నానో నాకే తెలియదు.

చర్మం డాక్టరమ్మది కోస్తా యాస. టీచర్ గడ్డం పట్టుకుని వెలుగు వైపు తిప్పింది.

"ఏం రాస్తున్నావమ్మా ముఖానికి?"

టీచర్ కొంగు కొస వేలికి చుట్టుకుంది.

"ఎవరిచ్చారు?"

టీచర్ నేల వైపు చూస్తోంది. నా వైపు తిరగనే లేదు. నన్ను కాపాడుతోందని అర్థమయింది. వెనక బెంచీ మీద పదిమంది ఉన్నారు. బ్యాగు జిప్పు తీసిన చప్పుడు గదంతా వినపడినట్టు అనిపించింది.

"నేనే ఇచ్చిన మేడం. నాది పార్లర్."

డాక్టరమ్మ డబ్బా అందుకుని తిప్పి చూసింది. అడుగు చూసింది. మూత తీసి వాసన చూసింది.

"ఎవరు తయారు చేశారు?"

"తెల్వదు."

"ఎప్పుడు చేశారు? ఏమేం కలిపారు?"

"జడీబూటీ అన్నడు మేడం. చెట్ల మందని..."

"జిల్లేడు పాలు కూడా చెట్టువే. కంట్లో పోసుకుంటావా?"

అరవలేదు. అరిచినా బాగుండేది. టీచర్‌కు నెమ్మదిగా వివరించింది. పరీక్షకు పంపిస్తేగానీ ఖాయంగా చెప్పలేనంది. కానీ ఇలాంటి ముఖాలు ఈ మధ్య చాలా చూస్తున్నానని, ఇందులో గట్టి స్టెరాయిడ్ కలిపి ఉంటారని చెప్పింది. అది చెడ్డమందు కాదు, డాక్టరు చూసి కొద్దిరోజులకు రాసిచ్చే మందు. నెలల తరబడి రాస్తే చర్మం పలచబడుతుంది, తర్వాత అది లేకుండా చర్మం ఉండలేదు. వేరే మందులతో మాన్పించాలి.

"మొదట్లో ఇంకా ఎక్కువ మండుతుంది. ఓర్చుకోవాలి. ఈ డబ్బా మాత్రం మళ్లీ ముట్టుకోవద్దు" అని, నా వైపు తిరిగింది. "నువ్వెన్నాళ్లుగా రాస్తున్నావు?"

"నాలుగు నెలలు."

"నీకూ చీటీ రాస్తాను. ఇంకా ఎంతమందికి ఇచ్చావు?"

నేను వేళ్ల మీద లెక్కపెట్టాను. పదకొండు మంది. ఆ లెక్క పూర్తయ్యేదాకా ఆమె పెన్ను పట్టుకుని ఆగింది.

ఇంటికి వచ్చి మా ఆయనతో చెప్పాను. ఆయన కలెక్టరాఫీసులో గుమాస్తా. గొడవంటే పడదు.

"గమ్మున అమ్ముడు బంద్ చెయ్. ఇంటింటికి పోయి చెప్తె లొల్లైతది. రేపటి సంది ఎవరొస్తరు నీ దగ్గరికి?"

"నేనియ్యకపోతె వాళ్లు గూడ రాసుడు బంద్ చేస్తరు కదా, మంటెక్కుతది. ఎందుకో తెల్వక ఇంకో దుకాణంల గదే కొనుక్కుంటరు."

ఆయన టీవీ శబ్దం పెంచాడు.

నాలుగు రోజులు తిరిగాను. ఒకామె నవ్వి కొట్టిపారేసింది, నాకేం కాలేదు కదా అని. ఒకామె తలుపు సగం తెరిచి విని, నా ముఖం మీదే మూసింది. పెళ్లి దగ్గరపడిన ఒక అమ్మాయి డబ్బా వెనక్కి ఇవ్వనంది. పెళ్లయ్యాక మానేస్తానంది. ఆమె తల్లి నన్ను గల్లీ చివరిదాకా తిడుతూ వచ్చింది.

శాలిబండలో ఒక పెద్దావిడ ఉండేది. అందరం పిన్నిని పిలిచినట్టు ఖాలా అనేవాళ్లం. కోడలి కోసం తీసుకుంది. నా మాటలన్నీ విని, లోపలికి వెళ్లి డబ్బా తెచ్చి నా ఒళ్లో పెట్టింది.

"ఇచ్చేటప్పుడు అడగలేదు నేను, నీ మీద భరోసా చేసిన. ఇప్పుడు చెప్పనీకి వచ్చినవ్, గది గూడ యాద్ పెట్టుకుంట. పానీ పీకే జా."

ఆమె ఇచ్చిన నీళ్లు తాగి, డబ్బా బ్యాగులో వేసుకుని లేచాను.

ఏజెంటు ఆ నెల మామూలుగానే వచ్చాడు. సూట్‌కేసు తెరవకముందే అడిగాను.

"చేసినోళ్ల పేరు చెప్పు భాయ్. ఏమేం కలిపిండ్రో ఉన్న కాయితం చూపెట్టు."

"ఇంత కాలం లేనిది ఇయ్యాల ఏంది బాజీ?"

"ఇంత కాలం అడగకపోవుడు నా తప్పు. ఇప్పుడు అడుగుతున్న."

అతని ముఖంలో నవ్వు పోయింది. "మస్తు పార్లర్లల్ల నడుస్తున్నది. మీరొక్కరే లొల్లి చేస్తుండ్రు. మీ దుకాణమే ఖరాబైతది" అన్నాడు మెల్లగా. గుమ్మంలో అతను అడ్డంగా నిలబడి ఉన్నాడు. ఇంట్లో నేనొక్కదాన్నే. తలుపు రెక్క పట్టుకుని నిలబడ్డాను, గట్టిగా. అతను సూట్‌కేసు ఎత్తుకుని వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు. గల్లీ చివర మరో పార్లర్‌లోకి వెళుతుండగా మాత్రం చూశాను.

టీచర్ స్కూలుకు సెలవు పెట్టింది. రోజూ సాయంత్రం ఆమె దగ్గరకు వెళ్లేదాన్ని. కిటికీలు మూసి, ఫ్యాన్ కింద, తడిగుడ్డ ముఖం మీద వేసుకుని పడుకుని ఉండేది. డాక్టరమ్మ రాసిచ్చిన మందూ, వాసన లేని వాజలీనూ తప్ప ఇంకేమీ రాయకూడదు. పిల్లలు ముద్దుపెట్టబోతే చేయి అడ్డం పెట్టేది. మూడో వారంలో నేను వెళ్లేసరికి ఆమె వంటింట్లో బియ్యం డబ్బాలో చేయి పెట్టి వెతుకుతోంది. బయటకు తీసిన పిడికిలిలో ఎర్రమూత కనపడింది.

"అది నాకియ్యి."

"ఒక్కసారక్కా. ఒక్క వేలికి. రేపటి సంది ముట్ట."

"టీచరమ్మా, వద్దు."

"నువ్వే ఇచ్చినవ్ కదా!" అని అరిచింది. అప్పటిదాకా ఒక్కసారి కూడా అనని మాట. "నువ్వే ఇచ్చినవ్, ఇప్పుడు నువ్వే గుంజుకుంటవా? నా మొఖం ఇది. నీది గాదు."

నేను దగ్గరకు వెళ్లలేదు. గుంజుకోలేదు. ఆ హక్కు నాకు లేదనిపించింది. "అవును, నేనే ఇచ్చిన" అన్నాను. గట్టుకు ఆనుకుని నిలబడ్డాను. కుక్కర్ విజిల్ వేసి ఆగింది. ఆమె మూత తిప్పింది, మళ్లీ బిగించింది, మళ్లీ తిప్పింది. చివరికి సింకు దగ్గరకు వెళ్లి, క్రీం అంతా వేలితో తోడి, కొళాయి కింద పోయేదాకా కడిగింది. చేతులు సబ్బుతో మూడుసార్లు రుద్దుకుంది. తర్వాత నేల మీద కూర్చుని ఏడ్చింది. నేనూ పక్కన కూర్చున్నాను.

వానాకాలం మధ్యకొచ్చేసరికి మంట తగ్గింది. చలికాలానికి ఎరుపు చాలావరకు పోయింది. ముక్కు పక్క నరాలు కొన్ని ఉండిపోయాయి. మంగు మొత్తం తిరిగి వచ్చింది, కొంచెం ఎక్కువగానే. ఆ ముఖంతోనే, కొంగు కప్పుకోకుండా, ఆమె మళ్లీ స్కూలుకు వెళ్లింది. నేను రాయడం మానేశాక నా చెంపలకు లేచిన మంట తగ్గడానికి ఆరువారాలు పట్టింది.

పార్లర్‌కు సగం మంది రావడం మానేశారు. మిగిలినవాళ్ల కోసం నేను మళ్లీ చదువుకోవడం మొదలుపెట్టాను. డబ్బాల వెనక చీమల్లాంటి అక్షరాలు. అర్థంకాని పేర్లను కాయితం మీద రాసుకుని డాక్టరమ్మ దగ్గరకు తీసుకువెళ్లి అడిగేదాన్ని. విసుక్కుంటూనే చెప్పేది. పేరు పొడుగ్గా ఉన్నంత మాత్రాన విషం కాదంది, ప్యాకెట్ మీద ఆకు బొమ్మ ఉన్నంత మాత్రాన మంచిదీ కాదంది. అంతకుముందు నేను ధైర్యంగా ముఖాలకు రుద్దిన నిమ్మరసం కూడా మానేశాను. ఏది కొత్తగా వచ్చినా మోచేతి లోపలివైపు కొద్దిగా రాసి, రెండు రోజులు చూసిన తర్వాతే ముఖానికి. తయారు చేసినవారి పేరూ తేదీ లేని వస్తువు నా గుమ్మం దాటలేదు. "తెల్లగ చేసేది ఏమన్న ఉందా?" అని అడిగేవాళ్లకు లేదని చెప్పడం అన్నిటికంటే కష్టంగా ఉండేది. కొందరు లేచి వెళ్లిపోయేవారు.

సంక్రాంతి సెలవులు అయిపోయాక టీచర్ ఐబ్రోస్‌కు వచ్చింది. దవాఖానకు వెళ్లిన రోజు తర్వాత ఆ కుర్చీలో కూర్చోవడం అదే మొదలు. నేను దారం కొస పళ్ల మధ్య పెట్టుకుని, పౌడర్ డబ్బా అందుకోబోయాను. ఆమె చేయి అడ్డం పెట్టింది.

"ఇటియ్యక్కా, చూస్త."

డబ్బా వెనక వైపు తిప్పి, కిటికీ వెలుగుకు పట్టి, మొదటి అక్షరం నుంచి చివరి దాకా చదివింది. పిల్లల లెక్కల కాపీలు దిద్దేటప్పుడు చదివినట్టు, వేలు పెట్టి. నేను దారం పట్టుకుని ఎదురుచూశాను.

"దీంట్ల సెంటు కలిపిండ్రు. నాకు వద్దు. ఉత్తగనే చెయ్" అంది.

పౌడర్ పక్కన పెట్టేశాను. ఆమె తల వెనక్కి వాల్చి కళ్లు మూసుకుంది.